చివరి నలభై నిమిషాలు

గిడియన్ గొంతు పోయింది ఒక బుధవారం నాడు. ఫిబ్రవరి ఆరో తేదీ. ఉదయం ఎనిమిదిన్నరకు ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. మధ్యాహ్నం రెండు దాటాక బయటికి తెచ్చేసరికి మెడ కింద గాలి పీల్చుకోవడానికి ఒక రంధ్రం ఉంది. స్వరపేటిక లేదు.

లోపలికి వెళ్ళే ముందు అతను భార్యతో అన్న చివరి మాట, "కారు నీడలో పెట్టావా?"

ప్రేమలీల "పెట్టాను" అంది. పెట్టలేదు. నీడ దొరకలేదు.

పదిహేడేళ్ళ కాపురం. ఇక మాట ఉండదని ఇద్దరికీ తెలుసు. అయినా అతను కారు గురించి అడిగాడు, ఆమె అబద్ధం చెప్పింది. అదొక్కటే అయితే ఎలాగో మోసేది.

పన్నెండో రోజున పక్క మంచం మీది ముసలాయన ఇంకో మాట చేర్చాడు. మంచివాడు. ఆమెకు సంతోషం కలిగించాలనే చెప్పాడు.

"ఆ పొద్దున మీ ఆయన కారిడార్ ఫోనులో నీతో నలభై నిమిషాలు మాట్లాడాడమ్మా. కూతురికి ఫోన్ చేద్దామని నేను చేతిలో నాణెం పట్టుకుని వెనకే నిలబడ్డాను. తొందరపెట్టాలనిపించలేదు. మీ భాష వినడానికి బాగుంది."

ప్రేమలీల నవ్వింది. థ్యాంక్స్ చెప్పి పూలసీసాలో నీళ్ళు మార్చింది. ఆ నలభై నిమిషాలూ ఆమె ఆసుపత్రి చుట్టూ కారు తిప్పుతూనే ఉంది, పార్కింగ్ కోసం.

మీ భాష.

వాళ్ళు వలస వచ్చి ఉంటున్న ఈ పరాయి దేశంలో, క్వేకర్స్ హిల్ చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఇళ్ళు పదకొండు. అందులో గిడియన్ నలభై నిమిషాలు మాట్లాడగల ఇల్లు ఒకటే.

*

ఇంటికి తీసుకొచ్చిన నాలుగో రోజు, శుక్రవారం ఉదయం, ఆమె అడిగింది.

"ఎవరితో మాట్లాడారు?"

గిడియన్ టీవీ చూస్తున్నాడు. కువైట్‌లో నూనె బావులు తగలబడుతున్నాయి. తెర నిండా నల్లని పొగ. పదమూడేళ్ళు ఫైర్ బ్రిగేడ్‌లో పనిచేసినవాడు ఆ పొగను ఎలా చూడాలో అలాగే చూస్తున్నాడు, ఎటు గాలి వీస్తోందో, మనుషులు ఎక్కడ నిలబడ్డారో.

"మిమ్మల్నే."

అతను పలక అందుకున్నాడు. ఆసుపత్రివాళ్ళిచ్చిన పిల్లల ఆటవస్తువు అది. పుల్లతో రాస్తే అక్షరాలు వస్తాయి. పైకాగితం ఎత్తితే చెరిగిపోతాయి.

'ఎప్పుడు?' అని రాశాడు.

"ఎప్పుడో మీకు తెలుసు. కారిడార్లో. నలభై నిమిషాలు."

పుల్ల కాగితం మీద ఆగింది. కాసేపటికి, 'పని మీద' అని రాసి, ఆమె చదివిందో లేదో చూసుకోకుండా కాగితం ఎత్తేశాడు.

"పనా? ఏం పని? తెలుగులో ఏం పని?"

అతను పుల్లను పలక అంచున పెట్టేశాడు. మెడ దగ్గర కట్టిన గాజుగుడ్డ పైకీ కిందికీ కదిలింది.

"మీరు చెప్పక్కర్లేదు లెండి. ఈ పలక చెప్పింది." ఆమె దాన్ని అతని ఒళ్ళోంచి లాక్కుంది. పైకాగితం ఎత్తి, అడుగునున్న నల్లని మైనాన్ని కిటికీ వెలుతురుకు వాలుగా పట్టుకుంది. అక్షరాల మీద అక్షరాలు, గీతల మీద గీతలు. "నిన్న మీరు పడుకున్నాక చూశాను. ఇదిగో, ఇక్కడ. 'ప్రేమకు.' ఇక్కడ, 'వద్దు.' ప్రేమకు ఏం వద్దు? చెప్పొద్దా? చూపించొద్దా? ఎవరికి రాశారిది?"

కూతురు ఎవా స్కూలు బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. పదిహేనేళ్ళది. తెలుగంతా అర్థమవుతుంది, నోటికి మాత్రం రాదు.

"మమ్, స్టాప్ ఇట్. హీ కాంట్ ఈవెన్ యెల్ బ్యాక్. దట్స్ నాట్ ఫెయిర్."

"నువ్వు స్కూలుకి పో."

"ఐ మీన్ ఇట్, మమ్."

"నాన్నకి అరిచే అలవాటు ఎప్పుడుంది? గొంతున్నప్పుడు మాత్రం నాతో ఏం మాట్లాడారు?"

ఆ మాట అన్నాక తనకే వినిపించింది. ఎవా తలుపు వేసి వెళ్ళిపోయింది. గిడియన్ టీవీ ఆపాడు.

ఇంట్లో మంటల మాట వద్దన్న నియమం పెట్టింది ప్రేమలీలే. అతను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, అన్నం తింటూ ఒక ఇంటి సంగతి, అందులోని పిల్లల సంగతి చెప్పాడు. ఆమె కంచం ముందు నుంచి లేచిపోయింది. "ఆ మాటలన్నీ గుమ్మం బయటే వదిలేసి రండి" అంది. గిడియన్ మాట నిలబెట్టుకునే మనిషి. పదమూడేళ్ళు గుమ్మం బయటే వదిలేశాడు. మంటల్లోకి తొడుక్కెళ్ళే కోటు మాత్రం లోపలికి తెచ్చేవాడు, ఉతకడానికి. అదీ ఆమె అడిగిందే.

ఎక్కడ వదిలాడో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు పన్నెండు రోజులుగా అదే ఆలోచిస్తోంది.

*

మధ్యాహ్నం క్రిస్ వచ్చాడు. గిడియన్‌తో ఒకే ట్రక్కు మీద పదకొండేళ్ళు ఎక్కి దిగినవాడు. మెట్లు రెండు ఎక్కగానే నిలబడి దగ్గాడు.

"లీలా, కాగితం వచ్చింది" అన్నాడు ఇంగ్లీషులో. ఆమె పేరులో అంతవరకే అతనికి నోరు తిరుగుతుంది. "డిపార్ట్‌మెంట్ డాక్టరు రాశాడు. వింటే నవ్వొస్తుంది. నాకు రాలేదనుకో."

చదివాడు. రోగి భారతదేశం నుంచి వచ్చినవాడు. అక్కడివారికి వక్కలు, పొగాకు నమిలే అలవాటు ఉన్నందున గొంతు క్యాన్సర్‌కు అదే కారణం కావచ్చు.

గిడియన్ మెడలోంచి గాలి ఒక్కసారిగా బుస్సుమని వచ్చింది. అది నవ్వని ఆమెకు రెండు క్షణాలు ఆలస్యంగా తెలిసింది.

"వక్కంటే ఏమిటో కూడా నాకు తెలీదు" అన్నాడు క్రిస్. "వీడు నమిలింది నా పెప్పర్‌మెంట్లు. అదీ అడక్కుండా నా జేబులోంచి తీసుకుని."

"ఆయన సిగరెట్టు కూడా ముట్టరు" అంది ప్రేమలీల.

"నాకు తెలుసు. నీకు తెలుసు. నష్టపరిహారం తేల్చడానికి సోమవారం పదింటికి మెడికల్ బోర్డు కూర్చుంటుంది, వాళ్ళకి తెలియాలి. ఏ తేదీన ఏం తగలబడింది, మాస్కు ఉందా లేదా, ఎన్ని గంటలు. అది లేకపోతే ఈ వక్కలే ఖాయమవుతాయి. ఇవాళ గిడ్‌కి, రేపు నాకు. నా విషయంలో వక్కలు కాకపోతే బీరు అంటారు."

"మీ స్టేషన్లో పుస్తకం ఉంటుందిగా?"

"మంట ఎప్పుడు ఆరిందో పుస్తకంలో ఉంటుంది. ఆరాక మేం బూడిద ఎంతసేపు తిరగేశామో ఉండదు. అసలు పొగ అప్పుడే కదా, లీలా. మాస్కు సిలిండర్లో గాలి అరగంటకి కూడా రాదు. మంట కోసం దాచుకోవాలి. మంట ఆరాక మాస్కు పెట్టుకున్నవాణ్ణి చూసి మిగతావాళ్ళం నవ్వేవాళ్ళం. కోటు ఎంత నల్లగా ఉంటే వాడంత పెద్దవాడు. మా అందరివీ తారు డబ్బాలు. వీడిదొక్కటే చర్చికి తొడుక్కెళ్ళేలా ఉండేది." ఆమె చేతులకేసి చూసి నవ్వాడు. "నీ చలవే. ఎంత ఏడిపించేవాళ్ళమో. 'గిడ్, నీ కోటు ఇస్త్రీ అయిందా?' అని."

ప్రేమలీల నవ్వలేదు. మాసిన బట్టతో మొగుణ్ణి పనికి పంపడం తన పుట్టింట్లో లేదు. వారానికొకసారి వెనక లాండ్రీ గదిలో, సిమెంటు తొట్టిలో, చేత్తో ఉతికేది. మెషీన్లో వేస్తే ఎవా గౌన్లకు వాసన పడుతుందని.

"మరి ఏం చేస్తారు?" అంది.

"అదేంటి, లిస్టు ఉందిగా. మీ చర్చి ఆవిడ దగ్గర. అన్నీ తేదీలతో మొదట్నుంచీ రాయించానని ఆసుపత్రిలో నాకు రాసి చూపించాడు. ఆపరేషన్ పొద్దున ఫోనులో ఒక్కొక్కటీ సరిచూసుకున్నారట. ముఖ్యంగా ఎనభై ఆరులో పురుగుమందుల గోడౌనుది కావాలి. ఆ ఏడాది స్టేషన్ పుస్తకం ఎక్కడా దొరకట్లేదు. ఆ రోజు ఆరుగురం ఉన్నాం. ఇద్దరు పోయారు." అతను ఆగి ఆమెకేసి చూశాడు. "నీకు తెలిసే ఉంటుందనుకున్నాను."

"తెలుసు" అంది ప్రేమలీల.

గిడియన్ కిటికీ వైపు తల తిప్పుకున్నాడు.

క్రిస్ వెళ్ళాక ఆమె కప్పులు కడిగింది. కడిగిన కప్పులే మళ్ళీ కడిగింది. ఫోను మీద చెయ్యి వేసి తీసేసింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ చర్చి ఆవిడ, జ్ఞానప్రసూన, మూడుసార్లు ఈ గుమ్మం దాకా వచ్చింది. ఒకసారి పెసరపప్పు చారు తెచ్చింది. మూడుసార్లూ ప్రేమలీల దోమతెర తలుపు తియ్యకుండానే, "ఆయన పడుకున్నారు" అంది.

ఇప్పుడు తనే పిలవాలి.

నాలుగింటికి ఎవా వచ్చింది. తల్లి ముఖం చూసింది, ఫోను చూసింది.

"క్రిస్ టోల్డ్ మీ ఎట్ ద స్కూల్ గేట్. ఐ కాల్డ్ ప్రసూన ఆంటీ ఫ్రమ్ ద స్కూల్ ఆఫీస్. షీ ఈజ్ కమింగ్."

"ఎవరు చెయ్యమన్నారు?"

"సమ్‌బడీ హ్యాడ్ టు, మమ్."

*

జ్ఞానప్రసూన లైబ్రరీలో టైపిస్టు. కాకినాడ మనిషి. నలభై రెండేళ్ళు, పెళ్ళి చేసుకోలేదు. బుధవారం సాయంత్రాల ప్రార్థన కూడికలో గిడియన్ పాట ఎత్తుకుంటే రెండో గొంతు ఆమెదే. ప్రార్థన మనవుల పుస్తకం కూడా ఆమె దగ్గరే ఉంటుంది. అందరి ముందూ చెప్పుకునే మనవులకు ఒక పుస్తకం. అందరి ముందూ చెప్పలేనివి చీటీ రాసి ఆమె చేతిలో పెడితే, వాటికి వేరే పుస్తకం. అవి ఆమె ఇంట్లో, ఒక్కతే, దేవుడి ముందు పెడుతుంది. మనవి తీరితే ఎర్ర గీత. తీరకపోతే ప్రతి బుధవారం ఒక నీలం చుక్క.

ఎనభై ఆరు క్రిస్మస్ నుంచి ప్రేమలీల ఆ కూడికకు వెళ్ళలేదు. నెల ముందే కడుపులో నాలుగు నెలల బిడ్డ పోయింది. పదకొండు ఇళ్ళవాళ్ళూ తన కోసం కళ్ళు మూసుకోవడం ఆమె భరించలేకపోయింది.

"వందనాలు, వదినా" అంది జ్ఞానప్రసూన వంటింటి గుమ్మంలో.

"వదినా అనకండి."

"సరేనండి."

"మా ఆయన గొంతు మీ దగ్గరే ఉందటగా. తెచ్చారా సంచీలో?"

జ్ఞానప్రసూన గుడ్డ సంచీ బల్ల మీద పెట్టింది. "తెచ్చానండి" అంది.

అందులో చేతికుట్టు అట్టలు వేసిన నోటుబుక్కులు రెండు, టైపు కాగితాల కట్ట ఒకటి ఉన్నాయి. ఆమె కూర్చోలేదు. ప్రేమలీల కూర్చోమనలేదు. ఎవా తలుపుకు ఆనుకుని నిలబడింది.

ప్రేమలీల మొదటి పుస్తకం తెరిచింది. జ్ఞానప్రసూన గుండ్రని దస్తూరి. మధ్యమధ్య గిడియన్ మనవులు.

'14-3-84. టైర్ల గోడౌను. మంట ఆరాక మూడు గంటలు లోపలే. మాస్కు లేదు. రెండు రోజులుగా ఉమ్మి నల్లగా వస్తోంది.'

'8-5-85. రంగుల ఫ్యాక్టరీ. నాలుగు గంటలు. గొంతు బొంగురు పోయింది. ఆదివారం పాడలేకపోయాను.'

ఆ ఆదివారం ఆమెకు గుర్తుంది. జలుబన్నాడు. అల్లం, మిరియాలు కాచి ఇచ్చింది.

'22-5-85. ప్రేమ చేతుల మీది పొక్కులు తగ్గాలని.'

ఆమె ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది.

"నా చేతులు" అంది. "నా చేతుల మాట మీతో చెప్పారా?"

"చీటీ రాసి ఇచ్చారండి."

"నన్ను మాత్రం సబ్బు మార్చమన్నారు. అంతే అన్నారు. సబ్బు మార్చు అని." ఆమె పేజీలు వేగంగా తిప్పింది. "నల్లటి ఉమ్మి మీకు తెలుసు. నేను దిండుగలీబులు ఉతికినదాన్ని, నాకు తెలీదు. ఇందులో ఉన్న మనిషితో కాపురం చేసింది ఎవరు? నేనా, మీరా?"

"మమ్" అంది ఎవా.

"నువ్వు ఊరుకో."

రెండో పుస్తకం మధ్యలో ఆమె చెయ్యి ఆగింది. రెండు పేజీలు కలిపి చుట్టూ పిన్నులు కొట్టి ఉన్నాయి. పైన మార్జిన్‌లో తేదీ మాత్రం కనిపిస్తోంది. 26-11-86.

ఆ ముందు ఆదివారం, ఇరవై మూడు. ఆ తేదీ ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఇదేమిటి?"

"పురుగుమందుల గోడౌను" అంది జ్ఞానప్రసూన. గొంతు తగ్గింది. "డ్రమ్ముల మీది పేర్లూ, ఆ రోజున్న ఆరుగురి పేర్లూ అన్నీ అందులో ఉన్నాయి. బోర్డుకి అప్పుడు రాసిన కాగితమే కావాలట, ఇప్పుడు టైపు చేసింది చాలదట. మిగతా పదమూడింటికీ పేజీలు గుర్తు పెట్టాను. ఇది మాత్రం... ఆ రోజు ఫోనులో అన్నయ్య చెప్పారు, 'పద్నాలుగోది ప్రేమ చూసి సరేనంటేనే ఇవ్వు. కానీ నువ్వు ప్రేమకు చూపించడం వద్దు, చూపించాల్సింది నేను' అని. ఆసుపత్రిలో పలక మీద కూడా అదే రాశారు."

ప్రేమకు. వద్దు.

"మరి మూడు వారాలైంది. ఆయన చూపించలేదు."

"లేదండి."

ప్రేమలీల సొరుగులోంచి వెన్న కత్తి తీసి పిన్నులు ఒక్కొక్కటీ లేపింది. ఏడు పిన్నులు. తొందరపడలేదు. వెనక తలుపు అవతల, బట్టల తీగ కింద కుర్చీలోంచి గిడియన్ లేచి నిలబడిన చప్పుడైంది.

డ్రమ్ముల పేర్లు ఇంగ్లీషులో, పెద్ద అక్షరాలతో ఉన్నాయి. మనుషుల పేర్లు, వరసగా ఆరు. ఆ కింద తెలుగు.

'గురువారం మంట. నాలుగు గంటలు తవ్వాం, ఒక్కరికీ మాస్కు లేదు. కోటుకు పచ్చగా ఏదో అంటుకుపోయింది. శుక్రవారం ప్రేమ ఉతికింది. చేతులు మోచేతుల దాకా ఎర్రబడ్డాయి. ఆదివారం బిడ్డ పోయింది. నా కోటు వల్లనేమో. డాక్టరును అడిగాను, చెప్పలేమన్నాడు. ప్రేమకు చెప్పే ధైర్యం నాకు కలగాలని ప్రార్థించండి.'

దాని కింద నీలం చుక్కలు. వరస తర్వాత వరస. పేజీ చివరిదాకా వచ్చి, మార్జిన్‌లోకి ఎక్కి, వెనక పేజీలోకి పోయాయి. ఎర్ర గీత లేదు.

ఆమె ఆ చుక్కల మీద వేలు పెట్టి వరస చివరిదాకా పోనిచ్చింది.

"నాలుగేళ్ళు" అంది ప్రేమలీల చివరికి.

జ్ఞానప్రసూన తల వంచుకుంది.

"నాలుగు క్రిస్మస్‌లకి ఇక్కడికి కేకు తెచ్చావు. ఈ చేతుల్లోనే పెట్టావు. పెట్టేటప్పుడు ఈ చేతులకేసి చూసేదానివి. నా ముఖంలోకి చూడలేక అనుకున్నాను. నీలో తప్పేదో ఉందనుకున్నాను." ఎప్పుడు మీరు నుంచి నువ్వుకు దిగిందో ఆమె గమనించలేదు. "నా బిడ్డ ఎందుకు పోయిందో నాకంటే ముందు నీకు తెలుసు."

"ఎందుకు పోయిందో ఎవరికీ తెలీదండి. ఆయన భయం అది. అంతే."

"ఆ భయమైనా నాది కావాలి. నీకెందుకిచ్చాడు?"

"చెప్పమనే అడిగాను. ప్రతి బుధవారం..."

"దేవుణ్ణి అడిగావు. నన్నడగలేదు. ఆయన్నడగలేదు. ఒక్క బుధవారం ఇటొచ్చి, 'వదినా, ఆ కోటు ముట్టుకోకు' అని ఉంటే? ఆ తర్వాత కూడా ఉతికాను. నాలుగేళ్ళు ఉతికాను."

ఈసారి జ్ఞానప్రసూన కళ్ళెత్తింది. "చీటీలో రాసినది బయటికి చెప్పకూడదు. అది నా మాట. ఆ మాట నిలబెట్టుకోవడం ఒప్పేనా అంటే... తెలీదండి. ఈ మూడు వారాలుగా తెలీడం లేదు."

"నీకు ఆయనంటే ఇష్టమా?"

ఎవా తలుపు దగ్గర కదిలింది. ఎవరూ ఆమెను వెళ్ళమనలేదు.

జ్ఞానప్రసూన బల్ల మీది సంచీ పట్టీలు సరిచేసింది. "ఆయన పాటంటే ఇష్టం" అంది. "బుధవారం సాయంత్రం ఆయన ఎత్తుకుంటే, ఆ గొంతు పక్కన నా గొంతు పెట్టడం కోసం వారమంతా ఎదురుచూసేదాన్ని. అంతకు మించి ఏమీ లేదు. అంత మాత్రం ఉంది. తప్పయితే తప్పే."

ప్రేమలీల ఊహించిన సమాధానాలు ఎన్నో ఉన్నాయి. వాటన్నిటికీ తన దగ్గర జవాబులు ఉన్నాయి. ఇది వాటిలో లేదు.

"ఇప్పుడది లేదుగా" అంది.

"మనిద్దరికీ లేదండి."

మనిద్దరికీ. ఆ మాట కత్తిలా దిగింది. నీకేం పోయిందని అడగబోయింది. పోయినదాన్ని ఆ మనిషి తనకంటే నిజాయితీగా చెప్పిందని తెలిసి ఊరుకుంది.

"నలభై నిమిషాలు" అంది. "పద్నాలుగు మంటలకి నలభై నిమిషాలెందుకు?"

"దగ్గొచ్చినప్పుడల్లా ఆగాల్సి వచ్చింది. తేదీలు ఒక్కొక్కటీ చదివించుకున్నారు."

"చివర ఏమన్నాడు?"

"చివరా?"

"పెట్టేసే ముందు. నీతో అన్న చివరి మాట. అది నాకు కావాలి." ఆమె బల్ల అంచు పట్టుకుంది. "మంచిదైనా, చెడ్డదైనా సరే. నాకు దక్కింది కారు మాట. నీకు దక్కింది ఏమిటో చెప్పు."

జ్ఞానప్రసూన గుర్తు చేసుకుంది. చెప్పాలా వద్దా అని కాదు, సరిగ్గా చెప్పాలని.

"ఇంకా గోడౌను పేజీ చదవడం సగంలోనే ఉంది. 'ఇక చాలు ప్రసూనా, పెట్టేస్తా' అన్నారు. ఇంకో రెండు లైన్లే అన్నయ్యా అన్నాను. 'లేదు, కిటికీలోంచి మా ఇంటిది కనిపిస్తోంది. ఇందాకట్నుంచి కారు తిప్పుతూనే ఉంది. ఎండలోనే పెట్టేసి పరిగెత్తుకొస్తోంది. తనొచ్చేసరికి నేను మంచం దగ్గర ఉండాలి' అన్నారు. పెట్టేశారు."

ప్రేమలీల కూర్చుంది.

కారు ఎండలో ఉందని అతనికి తెలుసు. తెలిసే అడిగాడు. తెలిసే ఆమె అబద్ధాన్ని విన్నాడు. ఆ అబద్ధం వెంటపెట్టుకునే లోపలికి వెళ్ళాడు.

వెనక దోమతెర తలుపు తెరుచుకుంది. గిడియన్ గడప మీద నిలబడ్డాడు. మెడ దగ్గరి గాజుగుడ్డ తొందరతొందరగా లేస్తోంది, పడుతోంది. బల్ల మీద విప్పి ఉన్న పేజీ చూశాడు, ఏడు పిన్నులు చూశాడు. పలక చేతిలో ఉంది. పుల్ల పట్టుకున్నాడు.

"వద్దు" అంది ప్రేమలీల. "అందులో రాయకండి. ఎత్తితే పోతుంది."

పెన్ను తీసి అతని ముందు పెట్టింది. ఎవా లెక్కల నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి పక్కన పెట్టింది.

"నాలుగేళ్ళు ధైర్యం కోసం అడిగించారటగా. ఇప్పుడు చెప్పండి. ఈవిడ ఉండగా కాదు. ఈవిడ రాసింది కాదు. మీరు, నాకు."

జ్ఞానప్రసూన పదమూడు పేజీలకు గుర్తులు పెట్టిన మొదటి పుస్తకాన్నీ, టైపు కట్టనూ సర్దింది. రెండో పుస్తకం మీద చెయ్యి వేసింది. ప్రేమలీల చెయ్యి అప్పటికే దాని మీద ఉంది. తొట్టి నీళ్ళకు ముడతలు పడి, మణికట్టు దగ్గర ఇంకా మచ్చలున్న చెయ్యి. జ్ఞానప్రసూన తన చెయ్యి తీసేసుకుంది.

"క్రిస్ దాంట్లోనే ఉన్నాడండి" అంది మెల్లిగా. "ఆరో పేరు."

"చదివాను."

"సోమవారం పదింటికి..."

"అదీ తెలుసు. మీరు వెళ్ళండి." ఒక క్షణం ఆగి, "చారు గిన్నె తీసుకెళ్ళండి. కడిగి పెట్టాను" అంది.

జ్ఞానప్రసూన గిన్నె తీసుకుని వెళ్ళింది. గేటు చప్పుడయ్యాక ఎవా తండ్రి ఎదురుగా కూర్చుంది. తల్లికేసి చూసి, ఈసారి తెలుగులో, తడుముకుంటూ అడిగింది. "పంపుతావా, మమ్? ఆ పేజీ?"

ప్రేమలీల పుస్తకాన్ని తన వైపు జరుపుకుంది. గిడియన్ పెన్ను పట్టుకుని కాగితం మీదికి వంగాడు. కాగితం పైన 'ప్రేమా' అని రాశాడు. అక్కడే ఆగాడు. లాండ్రీ గది కిటికీలోంచి పడుతున్న ఎండ బల్ల మీదినుంచి నేల మీదికి దిగింది.

బోర్డుకు వెళ్ళవలసిన కాగితాల్లో పదమూడు సిద్ధమయ్యాయి. బిడ్డ మాట కూడా ఉన్న పద్నాలుగోది ఆమె చేతి కింద ఉంది. అతను రెండో మాట ఇంకా రాయలేదు.